పాత పెట్రోల్ ఇంజిన్ లోపల ఎలా ఉందో విప్పకుండా తెలుసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల మారుతి 800, ఓమ్నీ, జెన్, ఎస్టీమ్, శాంత్రో లాంటి పాత పెట్రోల్ బండ్లు ఇంకా చాలా ఇళ్ల ముందు కనిపిస్తాయి. వాటి గురించి వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. పొగ ఎందుకు వస్తోంది? రింగ్స్ (పిస్టన్ చుట్టూ ఉండి గ్యాస్, ఆయిల్ దాటకుండా ఆపే లోహపు రింగులు) పోయాయా? హెడ్ (వాల్వ్‌లుండే ఇంజిన్ పైభాగం) పనితో సరిపోతుందా? ఈ బండి కొనొచ్చా? ఎవరో ఒకరు శబ్దం విని "బోర్ కొట్టించాలి" (అరిగిన సిలిండర్‌ని కోసి పెద్దది చేయించాలి) అనడం, వెంటనే ఇంజిన్ దించేయడం మామూలైపోయింది. గేజ్ పెట్టి కొలిస్తే ఆ మాటలో నిజమెంతో గంటలో తేలిపోతుంది. ముందు కొలవాలి, ఆ తర్వాతే స్పానర్ పట్టాలి అని గట్టిగా నమ్ముతూ ఈ జవాబులు రాశాను. దేనికది విడిగా చదువుకోవచ్చు.

## బండి చూడటానికి వెళ్లినప్పుడు

కొనడానికి వెళ్తున్నాను, చేతిలో ఏ గేజూ లేదు. ఏం చూడాలి?

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. "మేము వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని ముందు రోజే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే పొగా శబ్దమూ మీకు దక్కనట్టే. ఇంకో రోజు రండి.

డిప్‌స్టిక్ తీసి ఆయిల్ లెవెల్, రంగు చూడండి. రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీసి లోపల చూడండి. కూలెంట్ రంగు కనిపించకుండా ఎర్రటి తుప్పు నీళ్లుంటే, ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోశారని అర్థం. మన దగ్గర బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. రేడియేటర్ గొట్టాల్లో పొర కట్టి, ఎండాకాలంలో ఇంజిన్ వేడెక్కి, హెడ్ వంగిపోయే దాకా తీసుకెళ్తుంది.

స్టార్ట్ చేసి వేడెక్కాక, ఐడ్లింగ్‌లోనే (యాక్సిలరేటర్ నొక్కకుండా తిరుగుతుండగా) ఆయిల్ పోసే మూత విప్పి ఆ రంధ్రం మీదే తిరగేసి పెట్టండి. మూత కొద్దిగా అదిరితే పరవాలేదు. ఎగిరిపడుతూ కింద నుంచి గుప్పుగుప్పున పొగ వస్తుంటే, అదే మెకానిక్‌లు చెప్పే బ్యాక్ కంప్రెషన్. పిస్టన్ దాటి గ్యాస్ కిందికి వచ్చేస్తోంది. నాలుగు చుక్కల ఆయిల్ చిందితే మాత్రం కంగారు పడకండి, క్యామ్‌షాఫ్ట్ తిరుగుతూ చల్లే ఆయిల్ అది.

ఆయిల్ మూత కింద తెల్లటి మీగడలాంటిది ఉంది. హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీల్) పోయినట్టేనా?

మూత కింద మాత్రమే ఉంటే తొందరపడకండి. బండి రోజూ ఇంటి నుంచి మార్కెట్ దాకా, మార్కెట్ నుంచి ఇంటికి అంతే తిరుగుతుంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. లోపలి తేమ ఆయిల్‌తో కలిసి పైన పేరుకుంటుంది. నవంబర్ వానల్లో ఇది ఇంకా ఎక్కువ. మూత తుడిచి, ఓ గంటసేపు హైవే మీద నడిపి మళ్లీ చూడండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ కూడా అదే రంగులో ఉండి, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే అది కూలెంటే. అప్పుడు బండి నడపకండి. నీళ్లు కలిసిన ఆయిల్‌తో బేరింగ్‌లు త్వరగా పోతాయి.

పొగ రంగు చూసి జబ్బు చెప్పొచ్చా?

ఎటు వెతకాలో చెప్పొచ్చు, అంతకుమించి చెప్పలేం. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. నల్ల పొగంటే పెట్రోల్ ఎక్కువ పడుతోంది. కార్బురేటర్, చోక్, ఎయిర్ ఫిల్టర్, సెన్సర్లు చూడాలి, ఇంజిన్ విప్పాల్సిన పని లేదు. తెల్లటి ఆవిరి పొద్దున్నే రెండు మూడు నిమిషాలు వచ్చి ఆగిపోతే మామూలే. వేడెక్కాక కూడా వదలకుండా వస్తూ, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ని అనుమానించాలి.

తిరుమల నుంచి దిగాక అలిపిరి దగ్గర యాక్సిలరేటర్ నొక్కగానే నీలం పొగ గుప్పుమంది. ఎక్కేటప్పుడు మాత్రం రాలేదు. రింగ్స్ పోయాయా?

ఈ లక్షణం రింగ్స్ వైపు కాదు, వాల్వ్ సీల్స్ వైపు చూపిస్తుంది.

దిగేటప్పుడు గేర్‌లో ఉంచి కాలు తీసేస్తాం కాబట్టి థ్రాటిల్ మూసుకుపోతుంది. ఇంజిన్ మాత్రం వేగంగా తిరుగుతూనే ఉంటుంది. ఇన్‌టేక్‌లో వ్యాక్యూమ్ బాగా పెరిగి, వాల్వ్ కాడ చుట్టూ ఉండే రబ్బరు సీల్ గట్టిపడి ఉంటే అక్కడి నుంచి ఆయిల్‌ని లోపలికి లాగేస్తుంది. ఘాట్ పొడుగునా అలా చేరిన ఆయిల్, కింద యాక్సిలరేటర్ నొక్కగానే ఒక్కసారిగా కాలుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండి పొద్దున స్టార్ట్ చేయగానే నీలం పొగ కొట్టి, నిమిషంలో ఆగిపోవడం కూడా ఇలాంటిదే.

రింగ్స్, బోర్ అరిగిన ఇంజిన్ దీనికి ఎదురుగా ప్రవర్తిస్తుంది. ఎక్కే దారిలో, అంటే 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీద, లోడుతో లాగుతున్నప్పుడు పొగ వదలకుండా వస్తుంది, పికప్ పడిపోతుంది. 1944 నాటి పాత ఘాట్‌లో దిగేటప్పుడు మాత్రమే ఆయిల్ లాగి, ఎక్కేటప్పుడు శుభ్రంగా ఉన్న బండికి బోర్ కొట్టించమంటే ఒప్పుకోకండి. చాలా ఇంజిన్లలో హెడ్ దించకుండానే సీల్స్ మార్చొచ్చు. ప్లగ్ రంధ్రం నుంచి గాలి నింపి వాల్వ్‌లు కింద పడకుండా పట్టి ఉంచి, పైన స్ప్రింగ్ విప్పి పని చేస్తారు. వాల్వ్ గైడ్ (వాల్వ్ కాడ కదిలే గొట్టం) కూడా అరిగి ఉంటే మాత్రం హెడ్ దించక తప్పదు.

పొగ చూడటానికి ఘాట్ మధ్యలో బండి ఆపకండి. వెనక సీట్లో కూర్చున్నవాళ్లను అద్దంలోంచి చూడమనండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా, ఇంజిన్ బాగున్నట్టేనా?

కాదు. ఆ పరీక్ష సైలెన్సర్‌లో వచ్చే వాయువులనే చూస్తుంది. ఒక సిలిండర్‌లో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి) కొంత తగ్గినా మిక్చర్ సరిగా ఉంటే పాసవుతుంది. కొత్త ఇంజిన్ కూడా కార్బురేటర్ సరిగా లేకపోతే ఫెయిలవుతుంది.

## గేజ్ పెట్టేముందు

ప్లగ్గులు చూసి ఏం తెలుసుకోవచ్చు?

తీసేటప్పుడు ఏ సిలిండర్‌ది ఏదో వరసలోనే పెట్టండి, కలిపేస్తే సగం సమాచారం పోతుంది. మొన లేత గోధుమ రంగులో, పొడిగా ఉంటే మంచిది. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది. తడిగా, ఆయిల్‌తో నల్లగా ఉంటే ఆ సిలిండర్‌లోకి ఆయిల్ వస్తోంది. తెల్లగా కాలి పొక్కులుంటే మిక్చర్ పలచగా ఉండడమో, ఇంజిన్ అతిగా వేడెక్కడమో కారణం. మిగతావి మామూలుగా ఉండి ఒక్కటి మాత్రం కడిగినట్టు మెరుస్తుంటే, ఆ సిలిండర్‌లోకి కూలెంట్ చేరి ఆవిరితో శుభ్రమవుతోందేమో చూడాలి.

ఒక సిలిండర్ మిస్సింగ్ అంటున్నారు. ఏదో ఎలా కనిపెట్టాలి?

ఐడ్లింగ్‌లో ఒక్కో సిలిండర్‌ని ఆపి చూడాలి. పనిచేస్తున్న సిలిండర్‌ని ఆపితే ఇంజిన్ వణుకుతుంది. ఆపినా తేడా రాలేదంటే మిస్సింగ్ అదే. పాత కార్బురేటర్ బండిలో, ఇన్సులేషన్ ఉన్న ప్లయర్‌తో వైరు తీసి ఇంజిన్‌కి ఎర్త్ చేయాలి. గాల్లో వదిలేస్తే కాయిల్ దెబ్బతింటుంది, మీకూ షాక్ కొడుతుంది. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లున్న) బండిలో ప్లగ్ జోలికి వెళ్లకుండా ఇంజెక్టర్ కనెక్టర్ తీయడం మేలు, లేకపోతే కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్‌లోకి చేరి దాన్ని కాల్చేస్తుంది.

వ్యాక్యూమ్ గేజ్ ఒక్కటే కొనగలను. దాంతో ఉపయోగం ఉంటుందా?

చాలా ఉంటుంది. ఒక్క ప్లగ్ కూడా తీయకుండా ఇంజిన్ శ్వాస ఎలా ఉందో చెప్పే గేజ్ ఇదొక్కటే. థ్రాటిల్ తర్వాత, ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి వచ్చే ఏదైనా వ్యాక్యూమ్ పైపుకి తగిలించాలి. బ్రేక్ బూస్టర్ పైపు ఉంటే అదే సులువు.

వేడెక్కిన మంచి ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం) మధ్య ముల్లు నిలకడగా నిలబడుతుంది. అంకె కంటే ముల్లు కదిలే తీరే ఎక్కువ చెబుతుంది. క్రమం తప్పకుండా ఒక్కో దెబ్బకి టక్కున పడి లేస్తుంటే ఒక వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు. ఐడ్లింగ్‌లో సన్నగా వణికి, రేస్ ఇస్తే నిలకడ పడితే వాల్వ్ గైడ్‌లు అరిగాయి. రేస్ ఇచ్చేకొద్దీ ఊగడం పెరిగితే స్ప్రింగ్‌లు బలహీనమయ్యాయి. నిలకడగానే ఉండి తక్కువ చూపిస్తే ఎక్కడో గాలి లీకవుతుండొచ్చు, లేదా ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్ మంట ఇచ్చే సమయం) వెనకబడి ఉండొచ్చు. అప్పుడు ఇంజిన్ విప్పే మాట ఎత్తకండి. 2500 ఆర్‌పిఎమ్ (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర పట్టి ఉంచితే ముల్లు నెమ్మదిగా జారుతోందా? సైలెన్సర్ లేదా కన్వర్టర్ పూడుకుపోయింది.

చివరగా ఒక్కసారి యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి వదలండి. ముల్లు సున్నా దగ్గరికి పడి, 24-25 దాకా ఎగిరి, తర్వాత మామూలు స్థానానికి రావాలి. అంత ఎత్తుకు ఎగరలేదంటే రింగ్స్ పట్టు తగ్గింది.

## కంప్రెషన్ టెస్ట్

సరిగ్గా ఎలా చేయాలి?

తప్పుగా చేస్తే మంచి ఇంజిన్‌ని కూడా చెడ్డదని చూపించే టెస్ట్ ఇది. ఇంజిన్ వేడిగా ఉండాలి. బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉండాలి, సెల్ఫ్ నీరసంగా తిరిగితే రీడింగ్ పడిపోతుంది. అన్ని ప్లగ్గులూ తీసేయాలి. కొందరు టెస్ట్ చేసే సిలిండర్‌దొక్కటే తీస్తారు, అది తప్పు. ఇగ్నిషన్ ఆపాలి, ఎంపీఎఫ్ఐ బండి అయితే పెట్రోల్ పంపు ఫ్యూజ్ తీయాలి. లేదంటే సిలిండర్ గోడల మీద ఆయిల్‌ని పెట్రోల్ కడిగేస్తుంది. ఒకరు లోపల కూర్చుని యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకోవాలి. థ్రాటిల్ మూసి ఉంటే గాలే లోపలికి రాదు. చాలా గ్యారేజీల్లో తప్పు జరిగేది ఇక్కడే.

ఆ తర్వాత ఒక్కో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో గేజ్ బిగించి, సెల్ఫ్‌తో ఒకే లెక్కన ఐదారు దెబ్బలు (కంప్రెషన్ స్ట్రోకులు) తిప్పండి. మొదటి దెబ్బకి ఎంత వచ్చిందో, చివరికి ఎంత వచ్చిందో రెండూ రాయండి. మంచి సిలిండర్ మొదటి దెబ్బకే సగానికి మించి ఎక్కుతుంది. రింగ్స్ అరిగింది మొదట తక్కువ చూపించి మెట్టుమెట్టుగా ఎక్కుతుంది. వాల్వ్ లీకైంది మొదటా తక్కువే, చివరికీ పెద్దగా పెరగదు.

ఎంత రావాలి?

మీ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న అంకె చూడండి. ఉదాహరణకి ఎస్టీమ్, జిప్సీ కింగ్‌లలో వచ్చిన సుజుకి జి13 వర్గం ఇంజిన్లకు మామూలు కంప్రెషన్ చదరపు సెంటీమీటరుకు 14 కేజీలు, అంటే దాదాపు 199 పిఎస్ఐ (చదరపు అంగుళానికి పౌన్లు). కనీసం 12 కేజీలు, అంటే 170 పిఎస్ఐ ఉండాలి. సిలిండర్‌కీ సిలిండర్‌కీ తేడా 1 కేజీ దాటకూడదు.

గేజ్‌లు ఒకదానికొకటి పది పిఎస్ఐ తేడా చూపించడం మామూలే. అందుకే నేను అంకె కంటే తేడానే ఎక్కువ నమ్ముతాను. మారుతి 800 లాంటి మూడు సిలిండర్ల బండిలో 140, 138, 142 వస్తే అది వయసు మీద పడినా సమంగా ఉన్న ఇంజిన్, ఇంకొంత కాలం నడుస్తుంది. 170, 165, 110 వస్తే ఆ మూడో సిలిండర్‌లో కచ్చితంగా పని ఉంది.

కంప్రెషన్ తక్కువున్న సిలిండర్‌లో ఆయిల్ పోసి చూడమంటారు. ఎంత పోయాలి?

అందరూ చెప్పే దానికంటే తక్కువ. ఆయిల్ పిస్టన్ అంచున చేరి, రింగ్స్ దగ్గరి సందుని కాసేపు మూస్తుంది. రీడింగ్ బాగా పెరిగితే లీక్ రింగ్స్, బోర్ దగ్గర. పెరగకపోతే వాల్వ్ లేదా గ్యాస్కెట్ దగ్గర.

పెద్ద ఇంజిన్లకు చెప్పే లెక్క మారుతి 800కి పనికిరాదు. 796 సీసీని మూడు సిలిండర్లకు పంచితే ఒక్కోటి 265 సీసీ. పిస్టన్ పైకి వచ్చాక మిగిలే చోటు ముప్పై, ముప్పై అయిదు సీసీ మాత్రమే. అందులో 10 మిల్లీలీటర్ల ఆయిల్ పోస్తే ఆ చోటే మూడో వంతు తగ్గి, రింగ్స్ ఎలా ఉన్నా రీడింగ్ పెరుగుతుంది. మెకానిక్ "చూశారా, రింగ్సే" అంటాడు. సిరంజితో 2-3 మిల్లీలీటర్లు చాలు. అదే మోతాదు మంచి సిలిండర్‌లో కూడా పోసి, అందులో ఎంత పెరిగిందో పోల్చండి. పోశాక ప్లగ్ పెట్టకుండా రెండు మూడు దెబ్బలు తిప్పి, తర్వాత గేజ్ బిగించండి.

అన్ని సిలిండర్లలో సమానంగా తక్కువ వచ్చింది. ఇంజిన్ మొత్తం అయిపోయిందా?

ముందు టైమింగ్ బెల్ట్ చూడండి. ఒక పన్ను జారినా వాల్వ్‌లు తెరుచుకునే సమయం మారి అన్నింటిలో ఒకేలా తగ్గుతుంది. బ్యాటరీ నీరసించినా, థ్రాటిల్ పూర్తిగా తెరవకపోయినా ఇంతే. ఈ మూడూ సరిగా ఉన్నాయని తేలాకే అరుగుదల మాట.

పక్కపక్కనున్న రెండు సిలిండర్లే బాగా తక్కువ, ఆయిల్ పోసినా పెరగలేదు.

ఆ రెండింటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి ఉంటుంది. హెడ్ దించినప్పుడు స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి వంపు చూడమనండి. 0.05 మిల్లీమీటర్లు దాటితే ఫేసింగ్ (హెడ్ అడుగు చదును చేయడం) చేయించాలి. అది చేయించకుండా కొత్త గ్యాస్కెట్ వేస్తే మళ్లీ కాలుతుంది.

మదనపల్లెలో కొలిస్తే తిరుపతి కంటే తక్కువ చూపిస్తుందా?

కొద్దిగా. మదనపల్లె తిరుపతి కంటే ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, గాలి పలచన. వ్యాక్యూమ్ గేజ్ ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు, కంప్రెషన్ గేజ్ ఆరు శాతం దాకా తక్కువ చూపిస్తాయి. సిలిండర్ల మధ్య తేడా మాత్రం ఎక్కడైనా ఒకటే.

## ఇంకా లోతుగా

లీక్ ఎక్కడుందో కచ్చితంగా తెలియాలంటే?

సిలిండర్‌లోకి గాలి కొట్టి, ఎక్కడి నుంచి బయటికొస్తోందో వినాలి. దీన్నే లీక్‌డౌన్ టెస్ట్ అంటారు. ఆ సిలిండర్ పిస్టన్‌ని కంప్రెషన్ దెబ్బలో సరిగ్గా పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి గాలి పంపుతారు. కార్బురేటర్ దగ్గర బుస్సుమంటే ఇన్‌టేక్ వాల్వ్, సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్, ఆయిల్ మూత దగ్గరైతే రింగ్స్, రేడియేటర్‌లో బుడగలొస్తే గ్యాస్కెట్. రెండు ముళ్ల గేజ్ ఉంటే శాతం కూడా తెలుస్తుంది. 10 లోపు చాలా మంచిది, పాత ఇంజిన్‌కి 20 దాకా పరవాలేదు, 30 దాటితే పని ఉంది.

గేజ్ లేకపోయినా చోటు కనుక్కోవచ్చు. పాత ప్లగ్‌లో పింగాణీ పగలగొట్టి తీసేసి, లేత్ షాపులో ఒక నిప్పిల్ అతికించమంటే చేసిస్తారు. గాలి పంక్చర్ షాపు కంప్రెసర్‌దే సరిపోతుంది. పిస్టన్ సరిగ్గా పైన లేకపోతే గాలి ఒత్తిడికి ఇంజిన్ ఒక్కసారిగా తిరుగుతుంది. గాలి వదిలేముందు క్రాంక్ బోల్ట్ మీద స్పానర్ తీసేయండి, ఫ్యాన్ బెల్ట్ దగ్గర ఎవరి చెయ్యీ ఉండకూడదు. 30 పిఎస్ఐతో మొదలుపెట్టండి.

ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరాతో లోపల చూడొచ్చా?

చూడొచ్చు, చూడాలి కూడా. పిస్టన్ కిందికి దించి సిలిండర్ గోడ మీద వెలుతురు పడేయండి. అడ్డదిడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తే అవి ఫ్యాక్టరీలో వేసిన హోనింగ్ గీతలు, అరుగుదల తక్కువ. నిలువు గీతలు లోతుగా ఉంటే బోర్ గీసుకుపోయింది. పిస్టన్ తలమీద మసి అంచున మాత్రమే తడిగా కడిగినట్టుంటే, అక్కడి నుంచి ఆయిల్ పైకి వస్తోంది.

కంప్రెషన్ బాగానే ఉంది, కానీ కింద నుంచి దబదబ శబ్దం వస్తోంది.

కంప్రెషన్ టెస్ట్ క్రాంక్, బేరింగ్‌ల గురించి ఏమీ చెప్పదు. ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి అక్కడ మామూలు ముల్లు గేజ్ పెట్టండి. చంద్రగిరి దాకా వెళ్లొచ్చి, ఆయిల్ బాగా వేడెక్కాక చూడండి. ప్రతి 1000 ఆర్‌పిఎమ్‌కి 10 పిఎస్ఐ ఉండాలన్నది పాత కొండగుర్తు. డ్యాష్‌బోర్డ్ లైటుని నమ్ముకోవద్దు, ప్రెషర్ బాగా పడిపోయాకే అది వెలుగుతుంది. అమ్మేవాళ్లు చిక్కటి ఆయిల్ పోసి శబ్దం కప్పిపెట్టడం మామూలే. అనుమానముంటే డిప్‌స్టిక్ నుంచి కారే తీరు గమనించండి.

## ఫలితం వచ్చాక

మెకానిక్ "గేజ్ ఎందుకు, నా చెవి చాలు" అంటే?

వాదించకండి. "అన్నా, విప్పేముందు ఒక్కసారి కంప్రెషన్ కొలిచి, ఏ సిలిండర్‌కి ఎంతో కాగితం మీద రాసివ్వు, ఆ ఖర్చు నేనిస్తా" అనండి. పని తెలిసినవాడు కాదనడు. అప్పటికీ ఒప్పుకోకపోతే గేజ్ ఉన్న ఇంకో షాపుకి తీసుకెళ్లండి.

రింగ్స్ ఒక్కటే మార్చి సరిపెట్టొచ్చా?

బోర్ గుండ్రంగా, నిటారుగా ఉందని బోర్ గేజ్‌తో కొలిచాకే. పైన రింగ్ తిరిగే చోట అరిగి చిన్న గట్టు ఏర్పడితే, దాన్ని తీయకుండా కొత్త రింగ్స్ వేస్తే పై రింగ్ ఆ గట్టుకి కొట్టుకుని విరుగుతుంది. బోర్ అరిగితే 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజ్ పిస్టన్లు దొరుకుతాయో లేదో ముందు కనుక్కోండి. పిస్టన్లు చేతికొచ్చాకే, వాటి కొలతకు తగ్గట్టు లేత్‌లో బోర్ కొట్టించాలి.

గ్యాస్ కిట్‌తో నడిచిన ఓమ్నీ. వేడిగా ఉంటేనే కంప్రెషన్ పడిపోతోంది.

ముందు ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్‌కీ దాన్ని తోసే భాగానికీ మధ్య సందు) చూడండి. గ్యాస్ మీద ఎక్కువ నడిచిన పాత ఇంజిన్లలో వాల్వ్ సీటు అరిగి, వాల్వ్ పైకి జరిగి, గ్యాప్ తగ్గిపోతుంది. వేడెక్కాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు. గ్యాప్ సరిచేసి మళ్లీ కొలవండి. ఒక్కోసారి జబ్బు అక్కడితో తీరిపోతుంది.

ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) వల్ల కంప్రెషన్ తగ్గుతుందా?

తగ్గదు. మైలేజ్ కాస్త తగ్గుతుంది, మిక్చర్ కొద్దిగా పలచబడుతుంది. పాత రబ్బరు పైపులు, కార్బురేటర్ డయాఫ్రమ్‌లు పాడవుతాయి కాబట్టి పెట్రోల్ వాసన వస్తోందేమో గమనిస్తూ ఉండండి.

రీడింగ్స్ దాచుకోవాలా?

దాచుకోండి. తేదీ, కిలోమీటర్లు, ఏ గేజ్, ఇంజిన్ వేడిగా ఉందా, ఒక్కో సిలిండర్ మొదటి దెబ్బ, చివరి దెబ్బ, ఆయిల్ పోశాక ఎంత, ఇవన్నీ సర్వీస్ పుస్తకం వెనక పేజీలో రాయండి. ఏడాదికోసారి అదే గేజ్‌తో కొలవండి. పక్కన వెయ్యి కిలోమీటర్లకు ఎంత ఆయిల్ పోశారో కూడా రాయండి. లీటరుకు చేరుకుంటూ, ఒక సిలిండర్ రీడింగ్ మాత్రం ఏడాదేడాదికీ పడిపోతుంటే పిస్టన్లు, గ్యాస్కెట్ కిట్ వెతకడం మొదలుపెట్టండి. పాత మోడళ్లకు అవి అడిగిన రోజే దొరకవు.